దుబాయ్ ఎండలోకి వెళ్లే ముందు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. నెలకు 19 వేలు. అక్కడే గది తీసుకుని ఉంటూ వారానికోసారి ఊరికి వస్తాను. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప. అమ్మకు ఏడాదిన్నరగా సోంపేటలో డయాలసిస్ చేయిస్తున్నాం. పెదనాన్న కూడా కిడ్నీ జబ్బుతోనే పోయారు. మాకున్న ఎకరా కొబ్బరి తోటలో సగానికి పైగా చెట్లు తిత్లీ తుఫానుకు పడిపోయాయి. ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా దుబాయ్‌లో సోలార్ సైట్‌లో పని ఉందంటున్నారు. జీతం 1,800 దిర్హామ్‌లు, అందులో బేసిక్ 1,000. గది కంపెనీది, తిండి మనది. రెండేళ్ల కాంట్రాక్టు. ఏజెంటు లక్షా అరవై వేలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తారట. అక్కడ ఏడాది పొడవునా ఎండే, వానా తుఫానూ ఉండవు, పని ఆగదు అంటున్నారు. నా భార్యకు ఇష్టం లేదు. అమ్మ మాత్రం "నా కోసం ఆగిపోకురా" అంటోంది. వెళ్లమంటారా, వద్దంటారా?
ఎస్., కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

తమ్ముడూ,

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "ఏడాది పొడవునా ఎండే, పని ఆగదు." 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ ఉద్దానం ప్రాంతంలో ఏం జరిగిందో చూసిన ఇంటికి ఈ మాట ఎంత ఆశగా వినిపిస్తుందో నాకు తెలుసు. తాతలు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, ఈలోపు ఇల్లు గడవాలి. ఆ స్థితిలో తుఫాను లేని దేశం అనగానే మనసు అటు లాగుతుంది. అందులో తప్పేమీ లేదు.

ముందే నా జవాబు చెప్పేస్తాను. ఈ ఆఫర్ మీద వెళ్లొద్దు. దుబాయే వద్దని నేను అనడం లేదు. మీ చేతిలో ఉన్న పనికి అక్కడ మంచి చోటే ఉంది, దాని సంగతి కింద రాస్తాను. కానీ ఆరుబయట సోలార్ పనికి, విజిట్ వీసా మీద, లక్షా అరవై వేలు అప్పు చేసి, మీ కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోకుండా వెళ్లొద్దు.

ముందు కిడ్నీల సంగతి. మీరు ఉత్తరంలో అమ్మ గురించీ పెదనాన్న గురించీ రాశారు గానీ మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, మీరు చేయించుకుని ఎంత కాలమైంది?

ఉద్దానంలో ఇంతమందిని పట్టిన ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లు అన్నారు, పురుగు మందులు అన్నారు, వంశంలో ఉందన్నారు. ఎండలో గంటల తరబడి ఒళ్లు వంచి పనిచేస్తూ సరిగా నీళ్లు తాగకపోవడం కూడా నిపుణులు అనుమానించే కారణాల్లో ఒకటి. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు తోటల్లో ఇలాగే బీపీ, షుగరు లేని పడుచువాళ్లకు కిడ్నీలు పోతుంటే చూశారు. అక్కడ కూలీలకు వేళకు నీళ్లు, నీడ, విశ్రాంతి ఇచ్చిన చోట కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గిందని కనిపించింది. నేపాల్ నుంచి గల్ఫ్‌కి వెళ్లిన కుర్రాళ్లు కొందరు ముప్ఫైల్లోనే డయాలసిస్ అవసరంతో తిరిగి వస్తున్నారని అక్కడి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఇంట్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చిన మనిషి ఎడారి ఎండలో రెండేళ్లు పని చేయడం అంటే నాకు భయం వేస్తోంది. దాచుకోకుండా చెబుతున్నాను.

మనకు ఎండ కొత్తా అని మీరు అనుకోవచ్చు. ఎండ కొత్త కాదు, ఆ ఎండ తీరు వేరు. మన తీరంలో చెమటకు చొక్కా తడిసి ముద్దవుతుంది, అది చూసి నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. లోపలి ఎడారిలో పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. ఒంట్లో నీరు ఎంత పోయిందో మనిషికి తెలియదు. సోలార్ సైట్‌లో చెట్టు నీడ ఉండదు, ఇనప చట్రాలు కాలిపోతుంటాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. మూత్రానికి వెళ్లాలంటే దూరం నడవాలని నీళ్లు తక్కువ తాగేవాళ్లు కొందరు. సాయంత్రానికి నడుం పట్టేసి నొప్పి మాత్ర వేసుకునేవాళ్లు ఇంకొందరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. అమ్మకు డాక్టరు ఈ మాత్రలు వద్దని చెప్పే ఉంటారు.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మంచి నిబంధనే. కతార్‌లో ఇంకా ఎక్కువ, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి 3:30 దాకా బయటి పని ఆపాలి. అయినా మే నెల ఎండకు, ఉదయం పదకొండు గంటల ఎండకు దుబాయ్‌లో ఆ అడ్డు లేదు. పని ఆగదు అని మీకు చెప్పినవాళ్లు చెప్పింది నిజమే. నా బెంగ కూడా దాని గురించే.

కాబట్టి ముందు పరీక్షలు. ఏజెంటు చేయించే మెడికల్ పరీక్ష వీసా ఇప్పించడానికే, అందులో ఫిట్ అన్నంత మాత్రాన ఉద్దానం మనిషి నిశ్చింతగా ఉండకూడదు. మీరు మీ కోసం చేయించుకోండి. రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్క కట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, ఒక అల్ట్రాసౌండ్. ఒక్కసారి చూసి వదిలేయకండి. కిడ్నీ పనితనం దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చేయించి రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి కిడ్నీ డాక్టరుకు చూపించండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి కాబట్టి విశాఖ దాకా పరిగెత్తే పని లేదు. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలు ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు కిందే లెక్కేస్తారు. అలా వస్తే మాత్రం ఎండలో పని ఆలోచన పూర్తిగా మానేయండి. ఏ జీతానికైనా సరే.

ఇప్పుడు డబ్బు. మీరు ఇచ్చిన అంకెలతోనే కాగితం మీద లెక్క వేశాను. దిర్హామ్‌కు 23 రూపాయలు అనుకున్నాను, మీరు వెళ్లే నాటి రేటు చూసుకోండి. 1,800లో తిండికి 450, ఫోనూ సబ్బులూ అవీ ఇవీ 100 పోతే 1,250 దిర్హామ్‌లు మిగులుతాయి. అంటే 28,750 రూపాయలు. ఇప్పుడు మీ 19 వేలలో గదికీ తిండికీ ఆరు వేలు పోయి పదమూడు వేలు ఇంటికి చేరుతున్నాయనుకుందాం. తేడా నెలకు 15,750. రెండేళ్లకు 3,78,000. వినడానికి బాగుంది.

ఇందులోంచి ఏజెంటు లక్షా అరవై వేలు తీసేయండి. ఆ డబ్బు మీ దగ్గర ఉండదు, అప్పు చేస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,200. మిగిలిందంతా దాచినా అసలు తీరడానికి ఏడాది దాటుతుంది, వడ్డీ కిందే నలభై వేల పైన పోతుంది. రెండేళ్ల చివర చేతిలో మిగిలేది సుమారు లక్షా డెబ్బై అయిదు వేలు. దానికి గ్రాట్యుటీ, అంటే పని ముగించి వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, కలపండి. అక్కడి చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, కానీ అది బేసిక్ మీదే. మీ బేసిక్ 1,000 కాబట్టి రెండేళ్లకు 1,400 దిర్హామ్‌లు, అంటే 32 వేల చిల్లర. అన్నీ కలిపి రెండు లక్షల పైమాట. నెలకు తొమ్మిది వేలు కూడా కాదు తమ్ముడూ. తొమ్మిది వేల కోసం ఆ ఎండా, అమ్మకు దూరమూ. ఓవర్‌టైమ్ ఉంటుందని చెబుతారు. చేసే గంటలు కూడా ఆ ఎండలోనివే కదా.

అదే పని, అదే జీతం, ఏజెంటు మాత్రం చట్టప్రకారం ఉంటే చూడండి. మన దేశంలో రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. పైగా యూఏఈ కార్మిక చట్టం ప్రకారం మనిషిని తెచ్చుకునే ఖర్చులు యజమానే భరించాలి, కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఆ చట్టం 2021లో చేశారు, మరుసటి ఏడాది నుంచి అమల్లో ఉంది. ఎవరో తెలిసినవాళ్లు చెప్పారన్న ఒక్క మాట మీద మీ రెండేళ్ల కష్టంలో సగం దాకా మధ్యవాళ్లకు వెళ్లిపోతోంది.

విజిట్ వీసా గురించి కటువుగానే రాస్తాను. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. "అక్కడికెళ్లాక మారుస్తారు" అన్న మాటకు కాగితం ఉండదు. మార్చకపోతే మీరు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేని మనిషి అవుతారు. జీతం ఇవ్వకపోయినా, పని మీద దెబ్బ తగిలినా చట్టం ముందు మీరు అక్కడ ఉద్యోగి కారు. పైగా మీరు పదో తరగతి దాటి ఐటీఐ చదివారు కాబట్టి మీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశీ పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు. పది పాస్ కాని వాళ్లు యూఏఈ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి తీసుకోవాలి, కాంట్రాక్టు చూస్తారు, పది లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. మీకు ఆ ఆటంకం లేదన్నది సౌకర్యంగా కనిపిస్తుంది. నిజానికి మీ కాగితాలను మీరు తప్ప చూసేవాళ్లు లేరన్నమాట. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంటుంది. మీ ఏజెంటును రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఆ జాబితాలో వెతకండి. నంబరు అడగగానే చిరాకు పడ్డాడంటే ఇక మాట్లాడే పని లేదు.

మంచి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. దిర్హామ్‌ను డాలరుకు 3.67 చొప్పున కట్టేశారు, రూపాయి పడినప్పుడల్లా ఇంటికొచ్చే డబ్బు పెరుగుతుంది. జీతం బ్యాంకు ద్వారానో, అనుమతి ఉన్న మరో సంస్థ ద్వారానో ఇవ్వాలన్న పద్ధతి ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. మన మనుషులు బోలెడంత మంది. పని నేర్చుకోవాలన్న కుర్రాడికి అక్కడి భద్రతా పద్ధతులు జీవితాంతం పనికొస్తాయి. వానలే ఉండవన్నది మాత్రం పూర్తి నిజం కాదు, 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో విమానాశ్రయమే నీట మునిగేంత వాన పడింది. అది అరుదు లెండి.

అందుకే ఇంకో దారి చెబుతున్నాను. మందుల కంపెనీలో మీరు చేసేది చిన్న పని కాదు. ప్యానెల్ బోర్డులు, మోటార్లు, జనరేటర్లు, గదుల్లో గాలినీ చల్లదనాన్నీ అదుపు చేసే ఏహెచ్‌యూలు, ఇవన్నీ మీ చేతి మీదుగా నడుస్తున్నాయి. దుబాయ్‌లో ఆసుపత్రులు, హోటళ్లు, మాల్స్, పెద్ద పెద్ద భవనాలు నడిచేది ఈ పని తెలిసిన వాళ్ల మీదే. అక్కడ పని ఎక్కువ భాగం నీడలో, ఏసీలో. అదే దేశం, అదే ఎండ, మీరు మాత్రం గోడకు ఇవతల ఉంటారు. మీ కాంట్రాక్టరు దగ్గర ఏ ఏ యంత్రాల మీద ఎన్నేళ్లు చేశారో ఇంగ్లీషులో అనుభవ పత్రం రాయించుకోండి. హిందీ మాట్లాడటం అలవాటు చేసుకోండి, సైట్‌లో సగం పని ఆ భాషలోనే నడుస్తుంది. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ వాళ్లను కూడా ఒకసారి అడగండి. ఆఫర్ వస్తే బేసిక్ ఎంతో చూడండి, మొత్తం చూసి మురిసిపోకండి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. ఆరుబయట పని ఉందా, ఉంటే రోజుకు ఎన్ని గంటలు అని రాతలో అడగండి.

భార్యను, పాపను తీసుకెళ్లాలన్న ఆశ మీ ఉత్తరంలో పైకి కనిపించలేదు గానీ ఉండే ఉంటుంది. కుటుంబాన్ని స్పాన్సర్ చేయాలంటే అక్కడ కనీసం 4,000 దిర్హామ్‌ల జీతం, లేదా 3,000తో పాటు ఇల్లు ఉండాలి. 1,800తో కుదరదు.

ఇక మీ ఆవిడ. "నా భార్యకు ఇష్టం లేదు" అని రాశారు. ఎందుకు ఇష్టం లేదో రాయలేదు. అడిగారా? మీరు వారానికోసారి వచ్చే మనిషి. అమ్మను ఆటో ఎక్కించి సోంపేట తీసుకెళ్లి, నాలుగు గంటలు ఆ మంచం పక్కన కూర్చుని, చంకలో పాపతో తిరిగి తెచ్చేది ఆవిడే అయి ఉంటుంది. డయాలసిస్ అయిన రోజు రాత్రి అమ్మకు బీపీ పడిపోతే ఎవరిని పిలవాలో ఆలోచించేదీ ఆవిడే. ఆమె వద్దంటోంది అంటే మీ మీద ప్రేమ ఒక్కటే కారణం కాకపోవచ్చు, భారం కూడా కావచ్చు. ఆ భారం పంచుకునే మనిషి ఎవరో తేలకుండా మీరు విమానం ఎక్కడం ఆమెకు న్యాయం కాదు. చెల్లెలో, పిన్నో, పక్కింటి కుర్రాడో, డబ్బిచ్చి పెట్టుకునే మనిషో, ఎవరో ఒకరి పేరు ముందు ఖాయం కావాలి.

అమ్మ "ఆగిపోకురా" అనడం తల్లి కాబట్టి. ఆమె మాటను అనుమతిగా తీసుకునే ముందు డాక్టరును విడిగా కలిసి అమ్మ పరిస్థితి ఎలా ఉందో అడగండి. అడగడానికి భయపడే ప్రశ్నే, అయినా అడగండి. అక్కడి చట్టం తల్లిదండ్రులు పోతే ఇచ్చే సెలవు మూడు రోజులు. దుబాయ్ నుంచి హైదరాబాదో విశాఖో చేరి, రైలెక్కి సోంపేట స్టేషన్‌లో దిగేసరికే ఒకటిన్నర రోజు పోతుంది.

మా ఇంటి సంగతి ఒకటి రాయాలి. మా నాన్న ఫిట్టర్. 1986లో రెండేళ్లని చెప్పి మస్కట్ వెళ్లారు. పదకొండేళ్లు ఉన్నారు. అప్పట్లో ఫోన్లు లేవు, క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి ఊరికి వచ్చేవాళ్లతో పంపేవారు. అమ్మ వంటింట్లో టేప్ రికార్డరు పెట్టుకుని వినేది. నాన్న వెళ్లినప్పుడు నాకు మూడేళ్లు, వచ్చేసరికి పద్నాలుగు. మా ఇంటికి స్లాబు పడింది ఆ డబ్బుతోనే, నేను చదువుకున్నదీ ఆ డబ్బుతోనే. ఆ సంగతి ఏ రోజూ మర్చిపోను. కానీ వచ్చిన కొత్తలో నాన్న నాతో ఏం మాట్లాడాలో తెలియక, ఏ క్లాసు అని నెలలో మూడుసార్లు అడిగారు. చివరికి కంపెనీ వాళ్లు లెక్క తేల్చి ఇవ్వాల్సిన డబ్బులో సగమే చేతిలో పెట్టారు, అడగడానికి నాన్న దగ్గర కాగితం లేదు. రెండేళ్లు పదకొండేళ్లు ఎలా అయ్యాయని తర్వాత ఆయన్నే అడిగాను. సెలవుకు వచ్చిన ప్రతిసారీ బహుమతులకూ టికెట్లకూ మళ్లీ చిన్న అప్పు, అత్త పెళ్లి, బావి తవ్వకం. ఆపేయడానికి సరైన సంవత్సరం ఎప్పుడూ రాలేదన్నారు.

అందుకే మీరు వెళ్లే రోజు వస్తే, ఎంత డబ్బు కోసం వెళ్తున్నారో, అది ఏ పనికో, ఏ నెలలో తిరిగి వస్తారో మీరూ మీ ఆవిడా కలిసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆవిడ పేరు మీద విడిగా ఖాతా ఉండాలి. మీరు ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు అక్కడి సంపాదన దాచుకునే ఇక్కడి బ్యాంకు ఖాతా) తెరిస్తే దాని వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు, దాచేది అందులో దాచండి, ఇంటి ఖర్చు ఆవిడ ఖాతాకు పంపండి. నెలకోసారి ఇద్దరూ ఫోన్లో ఆ పుస్తకం ముందేసుకుని లెక్క చూసుకోండి.

ఏజెంటు తొందర పెడతాడు, ఈ వారమే కట్టకపోతే సీటు పోతుందంటాడు. పోనివ్వండి. పాస్‌పోర్టు మాత్రం వాడి చేతికి ఇవ్వకండి, ఇప్పటికే ఇచ్చి ఉంటే వెంటనే తెచ్చేసుకోండి.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు అమ్మ డయాలసిస్ రోజు చూసుకుని ఒక రోజు సెలవు పెట్టండి. ఆ రోజు అమ్మను మీరే తీసుకెళ్లండి, మీ ఆవిడను ఇంట్లో ఉండనివ్వండి. అమ్మ మంచం మీద ఉన్న ఆ నాలుగు గంటల్లో మీ రక్తం, మూత్రం కూడా పరీక్షకు ఇచ్చేయండి. రిపోర్టు వచ్చాక అందులో ఉన్న అంకెలతో సహా నాకు మళ్లీ రాయండి.